పుదుచ్చేరిలో దేవకికి ఒక కొండ గడియారం

పుదుచ్చేరి వెళ్లొచ్చానని తెలిసి, పొద్దున నడకకు వచ్చే మిత్రులంతా సముద్రం ఎలా ఉందని అడిగారు. సముద్రం ఉన్నచోటే ఉంది. వీధులు తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. ఎండ మా తిరుపతి ఎండంత మండదు గానీ ఒళ్లంతా జిడ్డు చేస్తుంది. నేను వెళ్లింది వీటికోసం కాదు. ఒక గడియారం ఎంచిపెట్టడానికి వెళ్లాను. కొండలెక్కేవాళ్లు కట్టుకునే మొరటు రకం గడియారం.

దాన్ని కట్టుకోబోయే అమ్మాయి పేరు ఎం. దేవకి. మనకు ఇంటిపేరు ముందుంటుంది కదా, అక్కడ తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందుంటుంది. ఆ ‘ఎం’ అంటే మునుసామి. పుదుచ్చేరి కరెంటాఫీసులో లైన్‌మన్. నెలకోసారి బస్సెక్కి తిరుపతి వచ్చి, పదకొండేళ్లు నాతో కొండలెక్కాడు. పోయిన కార్తీకంలో నాతోనే ఎక్కాడు. శవాన్ని దింపారు. అది ఎవరి తప్పువల్ల జరిగిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి ఆ పిల్లకు చెప్పి రావాలని బయల్దేరాను. గడియారం ఒక సాకు.

బస్సులో

కిటికీ పక్క సీటు దొరికింది గానీ కిటికీ అద్దం దిగలేదు. పక్కన విళుపురం వైపు పెద్దాయన కూర్చున్నాడు. పాండిచ్చేరికి ఎందుకని తమిళంలో అడిగి, జవాబు కోసం ఆగకుండా చేత్తో గ్లాసెత్తినట్టు చూపించి కన్ను కొట్టాడు. మందు చవకని అక్కడికి వెళ్లేవాళ్లు ఎక్కువ. కాదయ్యా, గడియారం కొనడానికి అన్నాను నా వచ్చీరాని తమిళంలో. గడియారానికి పాండిచ్చేరి పోయేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానని ఆయన బస్సంతా వినబడేట్టు నవ్వాడు. నవ్వనీ. అసలు సంగతి తెలిస్తే పక్క సీట్లో కూర్చునేవాడే కాదు.

మీకు మాత్రం ఇక్కడే చెప్పేస్తాను.

నేను ముప్ఫై రెండేళ్లు సర్వే శాఖలో పనిచేశాను. మా విద్యలో మొదటి పాఠం ఒకటే. ఎత్తు తెలిసిన రాయి దగ్గర మొదలుపెట్టు, మళ్లీ ఎత్తు తెలిసిన రాయి కనబడితే సరిచూసుకో. ఈ ఒక్క ముక్కకోసం కొలత గొలుసు పట్టే చైన్‌మన్‌లను ఎన్ని తిట్లు తిట్టానో లెక్క లేదు. రిటైరయ్యాక కొండ గడియారం ఒకటి కొన్నాను. అది గాలిని తూచి మనం ఎంత ఎత్తులో ఉన్నామో చెబుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కదా, ఆ లెక్క. అయితే వాన ముసురుకొచ్చినా గాలి పలచబడుతుంది. అప్పుడది కదలకుండా కూర్చున్నవాణ్ణి కూడా పైకి ఎక్కించేస్తుంది. అందుకే ఎత్తు తెలిసిన చోటల్లా దాన్ని మళ్లీ సరిపెట్టాలి.

ఆ రోజు అడవి గేటు దగ్గర బోర్డుంది. సముద్ర మట్టానికి ఎత్తు 310 మీటర్లు అని తెలుగులో రాసి ఉంది. మునుసామికి తెలుగు చదవడం రాదు, అదేందని నన్నడిగాడు. చెప్పాను. “అట్లయితే ఒకతూరి సెట్ చేసుకో అన్నా. గాలి మారింది, మబ్బు చూడు” అన్నాడు. స్తంభాలెక్కేవాడు, గాలి సంగతి వాడికి తెలియదా? “రాత్రి ఇంట్లోనే పెట్టాను లేవయ్యా, నాకు నేర్పుతావా?” అన్నాను. సర్వేయర్ని కదా!

పైన మబ్బు కమ్మి పది అడుగుల దూరం కనబడలేదు. 580 మీటర్ల దగ్గర ఎడమ చీలిక పట్టాలని ముందు వెళ్లొచ్చినవాళ్లు రాసిచ్చారు. ఒక ఎడమ చీలిక వచ్చింది. గడియారం 580 చూపించింది. “ఇది కాదన్నా, ఇంకా పైకి పోవాల” అన్నాడు మునుసామి. మణికట్టు వాడి ముక్కు ముందు పెట్టాను. “సరి అన్నా” అని వాడే ముందు ఆ చీలికలోకి దిగాడు. నా మోకాలు నొప్పిగా ఉందని, దారి ఎలా ఉందో చూస్తానని దిగాడు. అది దారి కాదు. నాచు పట్టిన బండల వాగు, అక్కడే కాలు జారింది. అసలు చీలిక ఇంకా నలభై మీటర్ల పైన ఉంది.

తర్వాత అందరూ అడిగారు. అడవి శాఖ వాళ్లు, పోలీసులు, వాడి ఇంటివాళ్లు. చీకటి పడేలోగా శిఖరం చేరాలని తొందరపడి ముందు దిగాడని చెప్పాను. అదీ నేను చేసింది.

సారం

బస్సు దిగేటప్పుడు చెప్పు వారు తెగింది. స్టాండు బయట కుట్టించుకుంటే నలభై అడిగాడు. మా ఊళ్లో ఇరవై అన్నాను. అయితే మీ ఊరికే పోయి కుట్టించుకో అన్నాడు. న్యాయమే. ఇచ్చాను.

మునుసామి వాళ్లది సారం అనే పేటలో సన్నని వీధి, చిన్న డాబా ఇల్లు. వాళ్లది ఎన్ని తరాల కిందట వచ్చిన తెలుగు కుటుంబమో వాళ్లకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అక్షరం మాత్రం ఇంట్లో ఎవరికీ రాదు. క్యాలెండరు తమిళం, పెళ్లి శుభలేఖ తమిళం, దేవుడి పటం కింద పేరు కూడా తమిళమే. మన ఇంట్లో అక్షరాలుండి మాట్లాడుకోం, వాళ్లు అక్షరాలు లేకుండానే ఇన్ని తరాలు మాట్లాడుకుంటూ వచ్చారు.

“రండన్నా, రండి. ఏంది ఇట్ల చిక్కిపోయినారు?” అంది కాంతమ్మ. మునుసామి భార్య. నన్ను చూడగానే కళ్లు తుడుచుకుంది, వెంటనే వంటింట్లోకి వెళ్లి కాఫీ తెచ్చింది. దేవకి ఆఫీసునుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే “మామా, వచ్చేసినారా!” అని అరిచింది. ఇరవై ఆరేళ్లు. తండ్రి భుజాలు, తండ్రి నడక. కాలు పెట్టేముందు నేల చూసుకునే నడక.

గోడమీద దండ వేసిన ఫొటో ఉంది. తల ఎత్తి చూసి, ఎందుకు చూశానా అనుకున్నాను. అది ఆ రోజు పొద్దున అడవి గేటు దగ్గర కాపలా ఉండే వాచరు తీసిన ఫొటో. ఆఖరి ఫొటో కావాలని దేవకి అడిగితే ఆలోచించకుండా నేనే పంపాను. నా చెయ్యి మునుసామి భుజంమీద ఉంది. మణికట్టుమీద గడియారం ఇటే తిరిగి ఉంది. వెనక బోర్డు. పంపాక ఫోనులో పెద్దది చేసి చూసుకున్నాను. బోర్డుమీద 310. నా చేతిమీద 350. వాళ్లేమో దాన్ని రెండడుగుల సైజులో వేయించి దండ వేశారు. ఏడు నెలలుగా నా తప్పు వాళ్ల గోడమీదే ఉంది. చదివేవాళ్లు లేరు, అంతే.

రాత్రి నెత్తళ్ల వేపుడు, చింతకాయ పులుసు, పైన రసం. కాంతమ్మ మూడోసారి అన్నం వడ్డిస్తూ అంది, “మీరు లేకపోతే ఆయన్ని అడివిలో నక్కలు తినేసుండును అన్నా. రాత్రంతా పక్కన కూచున్నారంట గదా. ఆ రుణం ఎట్ల తీర్చేది?”

నాకు ముద్ద దిగలేదు. కారం ఎక్కువైందా అని అడిగింది. అవునన్నాను.

దేవకి అప్పుడు అసలు సంగతి చెప్పింది. వచ్చే శనివారం ఆఫీసు స్నేహితులు ఆరుగురితో అదే కొండ ఎక్కుతుంది. నాయన ఎక్కలేకపోయిన శిఖరం తాను ఎక్కుతుంది. “అమ్మ వద్దంటా ఉండాది. మంచి వాచి ఉంటే పోనిస్తానంది. మీరు సెలెక్ట్ చేస్తేనే నమ్ముతుందంట.”

నేను ఎంచితేనే నమ్ముతుందట. నా ఖర్మ.

నెహ్రూ వీధి

మర్నాడు పొద్దున బేకరీ రొట్టెతో టిఫిను. మనం ఇడ్లీ కొట్టు ముందు నిలబడ్డట్టు అక్కడ పొడుగు రొట్టెకోసం క్యారియరు సంచులతో నిలబడతారు. పైన కర్రలా ఉంటుంది, నా పన్ను ఒకటి కదిలింది. కాంతమ్మ దాన్ని పులుసులో ముంచి పెట్టింది. అలా తినాలని ముందే చెబితే ఏం పోయింది!

నెహ్రూ వీధిలో ఎవరో చెప్పిన పెద్ద కొట్టుకు వెళ్లాం. కొట్టు యజమాని నుదుట విభూతి, యాభై దాటిన మనిషి. మా మాటలు విని, “మీరు తెలుగా సార్? మేమూ అంతే. మాట వస్తాది, అచ్చరం రాదు” అని స్టూలు లాగి కూర్చోబెట్టాడు.

మొదట నున్నటి అద్దం గడియారం తీశాడు. ఇరవై నాలుగు వేలు. వేలితో తాకితే చాలు, బొమ్మలు మారతాయి, ఫోను మాట్లాడొచ్చు, గుండె కొట్టుకునేది చెబుతుంది. ఒక గ్లాసు నీళ్లు అడిగాను. వేలు తడిపి తాకమన్నాను. అది ఎక్కడో తాకితే ఇంకెక్కడో తెరుచుకుంది. “వానలో కొండమీద ఇది నీ మాట వినదు తల్లీ. పైగా రెండు రోజులకోసారి ఛార్జింగు” అన్నాను. యజమాని ఏమీ అనుకోలేదు, “నిజమే సార్, ఇది కల్యాణానికి పొయ్యే వాచి” అన్నాడు.

రెండోది పెద్దది. ఆకాశంలో ఉపగ్రహాలను చూసి దారి గీసి చూపిస్తుంది. నలభై వేలకు దగ్గర. దేవకి ధర విని నా వైపు కూడా చూడలేదు, “తీసేయండి” అంది.

మూడోది తీశాడు. నల్లటి పట్టీ, చుట్టూ మొరటు అంచు, అయిదు మీటలు. ఎండ తగిలితే దానంతటదే ఛార్జింగు. ఎత్తు, గాలి, దిక్కు మూడూ చెబుతుంది. నాదీ అదే రకం. అచ్చం అదే. నాది ఇప్పుడు ఇంట్లో బీరువాలో చీరల కింద ఉంది.

“ఇది వద్దు” అన్నాను.

“ఏం సార్? ఈ ధరలో దీనికంటే మంచిది లేదే?”

“పట్టీ తెగుతుంది. అంకెలు కనబడవు. మీటలు గట్టి.” నోటికి ఏదొస్తే అది అన్నాను. ఒక్కటీ నిజం కాదు. తర్వాత ఇంకా సిగ్గుమాలిన పని చేశాను. పక్క అరలో మూడు వేల రెండు వందల గడియారం ఉంది. చూడ్డానికి మొరటుగా, ఆకుపచ్చ రంగులో సిపాయి గడియారంలా ఉంది. లోపల టైము, తారీకు తప్ప ఏమీ లేదు. దాన్ని చేతిలో పెట్టి, “ఇది తీసుకోమ్మా, చవక, గట్టిది” అన్నాను. ఎత్తే చూపించని గడియారం ఎత్తు గురించి అబద్ధం చెప్పదు కదా. నాకు ప్రశ్నలూ తెచ్చిపెట్టదు.

దేవకి దాన్ని తిప్పి చూసింది. “ఇది ఎత్తు చూపించదు గదా మామా? 580 కాడ తిరగాలంటారే, యాడ తిరిగేది నేను?” అని నల్లదాన్ని మళ్లీ తీసుకుని నా మణికట్టు పక్కన పెట్టి చూసింది. “ఫొటోలో మీ చేతికుండేది ఇదే గదా? మీరు కట్టుకున్నదాన్ని మీరే వద్దంటారేంది?”

కొట్టు యజమాని నా మొహం చూసి ఏదో గ్రహించినట్టు బేరం ఆపేశాడు. “సరే, తీసుకో” అన్నాను.

పదిహేడున్నర వేలు. గ్యారంటీ కార్డు నింపుతూ ఆయన “ఇనిషియల్?” అని అడిగాడు. “ఎం” అంది. “ఎం అంటే?” అని అడిగి, ఆమె “మునుసామి” అంటే, ఆ పేరు మొత్తం తమిళంలో రాసి, పక్కన దేవకి అని రాశాడు. మన ఊళ్లో అయితే ఇంటిపేరు రాసి వదిలేసేవాళ్లు. అక్కడ చచ్చిపోయిన మనిషి పేరు గడియారం గ్యారంటీ మీద కూడా ఉంటుంది. నేను బయటికొచ్చి ఎండలో నిలబడ్డాను.

కురుచికుప్పం

ఈ రకం గడియారం కొన్నాక సముద్రం పక్కనుంటే అక్కడికి వెళ్లి సున్నా పెట్టుకోవడం మా కొండల వాళ్లకు ఒక ముచ్చట. సముద్రాన్ని మించిన బెంచి మార్కు, అంటే ఎత్తు తెలిసిన రాయి, ఎక్కడుంది? మునుసామి చాలాసార్లు పిలిచాడు, “అన్నా, మా వూరికి రండి, కడలి కాడ సున్నా పెడదాం” అని. వస్తాన్లే అంటూ పదకొండేళ్లు వెళ్లలేదు. వాడు లేనప్పుడు వెళ్లాను.

తెల్లారి కురుచికుప్పం వెళ్లాం. పడవలు అప్పుడే ఒడ్డుకు వచ్చాయి. వలలు దులుపుతున్నారు, చేపల పొలుసులు కాళ్లకు అంటుకుంటున్నాయి. అల వచ్చి తాకే తడి ఇసుకలో దేవకి నిలబడింది. గడియారం 26 మీటర్లు చూపించింది. ఏ మీట ఎంతసేపు నొక్కాలో చెప్పాను. సున్నా వచ్చింది. పిల్ల చిన్నపిల్లలా గెంతింది.

చేపలు ఏరుతున్న ఒకామె చెయ్యి పైకెత్తి గట్టిగా ఏదో అడిగింది. దేవకి నవ్వి చెప్పింది నాకు. “అంత పెద్ద వాచి చేపలు యాడుండాయో చూపిస్తుందా అంటా ఉంది.” చూపించదు, గాలి సంగతి చెబుతుందని చెప్పించాను, ధర కూడా. దానికామె ముక్కు ఎగబీల్చి తూర్పు వైపు గడ్డం చూపించింది. గాలి సంగతి తెలుసుకోడానికి పదిహేడు వేలెందుకు, సాయంత్రానికి ముసురు పట్టకపోతే నా పేరు మార్చుకుంటాను అందిట. గంప ఎత్తుకుంటూ మా ఇద్దరికీ రెండు వంజరం ముక్కలు కొనమని బలవంతం చేసింది. కొన్నాం.

ఆ తడి ఇసుకలో చెప్పాలనుకున్నాను. అప్పుడే ఆ పిల్ల, “నాయన ఉంటే ఎంత సంతోషపడునో గదా మామా” అంది. నేను చేపల సంచి రెండో చేతిలోకి మార్చుకుని ఎండెక్కుతోంది పద అన్నాను.

ఎగిరిన ఇల్లు

ఇంటికొచ్చాక గడియారాన్ని ఫ్రిజ్జుమీద పెట్టింది. 12 మీటర్లు చూపించింది. మధ్యాహ్నం వంజరం పులుసు తిని కునుకు తీశాను. లేచేసరికి మబ్బు కమ్మింది, చేపలామె గెలిచింది. కాంతమ్మ ఫ్రిజ్జులో పాలు తీస్తూ గడియారం చూసి అరిచింది.

“పాపా! ఇది 41 అంటా ఉండాదే? ఇల్లేమన్నా ఎగరతా ఉండాదా?”

దేవకి పరిగెత్తుకొచ్చింది. ఒక్క నిమిషం గడియారాన్ని, కిటికీలోంచి మబ్బును మార్చిమార్చి చూసింది. తెలివైన పిల్ల. నేను వివరించాల్సిన పని లేకుండానే తేల్చేసింది. “ఇల్లు ఎగరలేదమ్మా, గాలి పల్చనైంది. అట్లంటే పొద్దున పెట్టింది సాయంత్రానికి పనికిరాదు. కొండ కాడికి పొయినాక మళ్లీ సెట్ చేయాల. అంతే గదా మామా?”

“అంతే. ఎత్తు తెలిసిన చోటల్లా చేయాలి.”

“ఆ పొద్దు మీరు చేసినారా?”

అడిగేసింది. ఏ అనుమానమూ లేకుండా, ఉప్పు వేశారా అని అడిగినట్టు అడిగింది. నిజం చెప్పడానికి తలుపు బార్లా తెరిచి లోపలికి రమ్మన్నట్టే. నేను ఏం చేశానో తెలుసా? “చేశాం” అన్నాను.

అక్కడితో ఆగలేదు. దేవకి తల ఎత్తి గోడమీది ఫొటో చూసింది. “వెనక బోర్డులో 310 అని ఉండాదే, అదేంది? రొంబ నాళ్లుగా అడగాలనుకుంటా ఉన్నా. తెలుగులో ఉండాది, మాకు చదవను రాదు.”

“అడవి వాళ్ల నంబరు. ఏ భాగమో గుర్తుకి రాసుకుంటారు.”

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు పెద్దలు. ఇక్కడ మానం నాది, ప్రాణం ఆ పిల్లది. నేను నా మానాన్నే చూసుకున్నాను. ఆ గేటు దగ్గర ఆ పిల్లను కాపాడగలిగింది ఆ ఒక్క అంకె. దాన్నే అబద్ధం చేసి పెట్టాను.

దేవకి గడియారం చేతికి కట్టుకుంటూ అంది, “కరెక్టుగా సెట్ చేసినా దారి తప్పినారంటే, ఇంక ఈ సెట్టింగుతో ఏం లాభం మామా? సుమ్మా, ఊరికే తలనొప్పి. పొద్దున ఇంటికాడ ఒకతూరి పెట్టుకుంటా, చాలు.”

ఇంటి దగ్గర ఒకసారి పెట్టుకుంటే చాలు! అచ్చం నా మాటే. ఆ రోజు నేను మునుసామితో అన్నదే.

కాంతమ్మ పాలగిన్నె పొయ్యిమీద పెడుతూ ముగించింది. “వాచి తప్పు కాదులే పాపా. మీ నాయనకి తొందర జాస్తి. స్తంభం ఎక్కేదాంట్లో గూడా అంతే. తొందర లేకపోతే ఈపొద్దు మనతోనే ఉండును.”

ముప్ఫై ఏళ్లు కరెంటు స్తంభాలెక్కి ఒక్క దెబ్బ తగలని మనిషి వాడు. వాడికి తొందరని పేరు పెట్టింది నేను. భార్యే నమ్మేసింది. మూడు రోజులుగా ఆమె చేతి అన్నం తింటూ నేను దాన్ని అలాగే ఉండనిచ్చాను. ఆ సాయంత్రం నాకు బతుకుమీద అసహ్యం పుట్టింది. పెద్ద మాటే, అయినా ఉన్నమాట.

తిరుగు బస్సు

మర్నాడు దేవకి స్కూటీమీద బస్టాండుకు దింపింది. కాంతమ్మ ఇచ్చిన ఎండు చేపల పొట్లం బ్యాగులో ఎంత లోపల పెట్టినా వాసన ఆగలేదు, డ్రైవరు తిరిగి చూశాడు. బస్సు కదలడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇరవై నిమిషాలు. మూడు మాటలు చెప్పడానికి ఇరవై నిమిషాలు చాలవా? నేను టీ తాగాను. అరటిపళ్లు డజను యాభై అంటే నలభైకి అడిగాను. తిరుపతిలో ఎండల గురించి మాట్లాడాను.

“మామా, మీరు పత్రికలకి రాస్తారు గదా, మా వూరి గురించి గూడా రాయండి” అంది దేవకి. “నాకు చదవను రాదు. రాసినాక మీరే చదివి, రికార్డు చేసి ఫోన్లో పంపండి. నాయన గూడా మీరు రాసినవి అట్లనే వింటా ఉండేది. బండిలో పోతా పోతా వినేది.”

నిజమే. వాడికోసం నేను రాసిన ప్రతి యాత్రా చదివి పంపేవాణ్ణి. ఈ పిల్లకు ఆ సంగతి తెలుసని నాకు తెలియదు.

బస్సు కదిలాక కిటికీలోంచి చేయి ఊపాను. ఆ పిల్ల గడియారం ఉన్న చేయి ఊపింది.

ఇంటికొచ్చాక

ఇంటికి వచ్చి బీరువా తీశాను. చీరల కింద నా గడియారం ఇంకా నడుస్తోంది. మా ఇంటి ఎత్తు నాకు నిద్రలో అడిగినా తెలుసు. అది అంతకంటే పంతొమ్మిది మీటర్లు పైన చూపిస్తోంది. బయట మబ్బు. దాన్ని మళ్లీ అక్కడే పెట్టి తలుపు వేశాను.

ఫోను చేద్దామని మూడుసార్లు తీశాను. ఒకసారి ఎత్తింది కూడా, “ఏంది మామా?” అంది. ఎండు చేపలు బాగున్నాయమ్మా అన్నాను. మాట్లాడ్డం నాతో కాదు. నాకు చేతనైంది రాయడం ఒక్కటే. రాత్రీ పగలూ కూర్చుని ఇదంతా రాశాను. రాస్తూ రాస్తూ ఒక నీచమైన ఆలోచన వచ్చింది, దాన్నీ దాచను. ఇది పత్రికలో వస్తే వచ్చింది, ఆ ఇంట్లో తెలుగు చదివేవాళ్లు లేరు కదా, అందరికీ చెప్పినట్టూ ఉంటుంది, వాళ్లకు తెలియకుండానూ ఉంటుంది అని. పాప పరిహారం, పైగా ఖర్చు లేదు. ఛీ.

గురువారం పొద్దున తలుపు మూసుకుని ఇంతవరకూ రాసిందంతా గట్టిగా చదివి రికార్డు చేశాను. ‘310 అంటే అడవి వాళ్ల నంబరు కాదు తల్లీ, అది సముద్ర మట్టానికి ఎత్తు, అక్కడ గడియారాన్ని సరిపెట్టు, అసలు చీలిక రెండోది’ అని చివర రెండుసార్లు చెప్పాను. మీ నాయనకు తొందర లేదు, ఆగమన్నది ఆయనే అని కూడా చెప్పాను. పంపేటప్పుడు ముందు ఇంకెవరి పేరో నొక్కబోయి, సర్దుకుని దేవకికే పంపాను.

పన్నెండింటికి రెండు గీతలు నీలమయ్యాయి. విన్నట్టు గుర్తు కూడా వచ్చింది. జవాబు రాలేదు. గురువారం సాయంత్రం లేదు, శుక్రవారం లేదు. ఫోను చేసి అడిగే మొహం నాకు లేదు. పుదుచ్చేరినుంచి ఆ కొండకు పోవాలంటే మా తిరుపతి బస్టాండులో దిగి మారాల్సిందే. ఆ కుటుంబంలో ఎవరొచ్చినా మా ఇంట్లో కాఫీ తాగకుండా వెళ్లిందిలేదు. శుక్రవారం రాత్రి పాలు ఒక లీటరు ఎక్కువ తెచ్చి పెట్టాను. శనివారం మధ్యాహ్నానికి అవి విరిగిపోయాయి.

శనివారం పొద్దున ఆరూ నలభైకి మాత్రం ఒక ఫొటో వచ్చింది. అడవి గేటు బోర్డు. దానికి ఆనించి పెట్టిన ఒక చెయ్యి, మణికట్టుమీద నల్ల గడియారం. బోర్డుమీద 310. గడియారంలో 310.

ఆ పిల్ల ఏది పంపినా ముందు ‘మామా’ అని ఉంటుంది. ఫొటో పైకీ కిందికీ జరిపి చూశాను. లేదు.